యాంటీవైరస్ రెన్యువల్ మానేశాక

2025 అక్టోబరులో మా ఇంట్లో రెండు కంప్యూటర్లకీ యాంటీవైరస్ గడువు ముగింపుకొచ్చింది. ద్వారకానగర్‌లో మేం ఎప్పుడూ కొనే షాపులో అడిగితే, "సార్, టోటల్ సెక్యూరిటీ వేయించుకోండి, మూడేళ్లకి కడితే తగ్గుతుంది" అన్నారు. కట్టేముందు అసలు దాని అవసరమెంతో చూద్దామనుకున్నా.

ఎందుకంటే డబ్బిచ్చి కొన్న ఆ యాంటీవైరస్ ఉండగానే నాన్నగారి డెస్క్‌టాప్‌లో గోల మొదలైంది. స్క్రీన్ కింద కుడి మూలన "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఇక్కడ నొక్కండి" అని గంటకోసారి ఎర్రటి పెట్టె. ఫుల్ స్కాన్ పెడితే ఏమీ దొరకలేదు. దొరకదు కూడా, అది వైరస్ కాదు కనుక. పంచాంగం కోసం తెరిచిన ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపొచ్చా అని అడిగితే నాన్నగారు 'అలో' నొక్కారు, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో, సైట్ సెట్టింగ్స్ కింద నోటిఫికేషన్ల జాబితా చూస్తే ముక్కూ మొహం తెలియని సైట్లు బోలెడు. అన్నీ తీసేసి, ఇకపై ఏ సైటూ అడగకుండా ఆపేశా. పెట్టె మళ్లీ రాలేదు.

విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ సంగతి అప్పుడు చదివాను. జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ పరీక్షల్లో అది కొన్నేళ్లుగా డబ్బిచ్చి కొనేవాటికి దీటుగా నిలుస్తోంది. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాక అదే ఆన్ అయింది. విండోస్ సెక్యూరిటీలోని 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్'లో, అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం విడిగా చూసుకున్నా.

బ్రౌజర్ దగ్గరే అసలు పని. కరెంటు బిల్లు కట్టాలని వెతికితే పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలే. వాటిని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పుడు క్రోమ్‌లో అసలు పనిచేయదు, దాని కుదించిన 'లైట్' రకమే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్‌లో పూర్తిదే ఉంది, అందుకే దానికి మారుద్దామన్నా. "ఆ నక్క బొమ్మ నాకొద్దురా, నా పాతదే ఉంచు" అన్నారు నాన్నగారు. క్రోమ్ ఐకాన్ ఉన్నచోటే ఫైర్‌ఫాక్స్‌ని పెట్టి, ఈపీడీసీఎల్, బ్యాంకు, టీటీడీ సైట్లు పైన బుక్‌మార్క్ చేశాక సణుగుడు ఆగింది.

మా వాడి ల్యాప్‌టాప్‌ది వేరే కథ. డబ్బు కట్టకుండా దొంగదారిన దించుకునే క్రాక్ గేములు "ముందు డిఫెండర్ ఆపండి" అనే అడుగుతాయి. ఆపాక ఇంక ఏ యాంటీవైరస్ ఉంటే ఏం? అందుకే వాడికి, డిఫెండర్ ఆపాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చి, ఆ పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకున్నా. "ప్రతిదానికీ నిన్నే అడగాలా నాన్నా?" అని ఇప్పటికీ అలుగుతాడు. అలగనీ.

ఎవరైనా ఫోన్ చేసి ఎనీడెస్క్ (మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించే యాప్) వేయమంటే కట్ చేయాలని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలని కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించాను.

మిగిలింది విండోస్ 10. దాని మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. నాన్నగారి డెస్క్‌టాప్ పాతది, విండోస్ 11 ఎక్కదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా ఇస్తామన్నారు, తీసుకున్నాం. ఆ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని ఉంది. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.