చిన్న విమానంలో ప్రాణవాయువు: అమర్చుకోవడం, నింపుకోవడం – నా అనుభవం

నాది నాలుగు సీట్ల చిన్న విమానం. లోపలి గాలిని ఒత్తిడితో నిలిపి ఉంచే ఏర్పాటు దానిలో లేదు. ఒకసారి 11,500 అడుగుల ఎత్తున మూడు గంటలు ప్రయాణించి దిగిన తరువాత, రేడియో ఫ్రీక్వెన్సీని నేను రెండుసార్లు తప్పుగా పెట్టానని పక్క సీటులోని మిత్రుడు చెప్పాడు. నాకు ఆ సంగతి గుర్తే లేదు. పైగా దారి పొడవునా ఎంతో ఉల్లాసంగా ఉన్నాననుకున్నాను. ప్రాణవాయువు తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేది మంచిచెడులు పోల్చుకునే శక్తే కాబట్టి, లోపం ఉన్నవాడికే ఆ లోపం కనిపించదు. అమెరికా నిబంధనల్లో 12,500 అడుగులు దాటి 14,000 వరకు అయితే, అరగంటకు మించి ఎగిరితేనే పైలట్‌కు ప్రాణవాయువు తప్పనిసరి. ఆ లెక్కన నేను హద్దులోనే ఉన్నాను, కానీ నా మెదడు ఆ హద్దును పాటించలేదు.

చేతిలో పట్టే అల్యూమినియం సిలిండర్, వాయువు పీడనాన్ని తగ్గించి అందించే రెగ్యులేటర్, ముక్కుకు పెట్టుకునే సన్నని గొట్టాలైన కాన్యులాలు రెండు, రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని చూపే, వేలికి తొడిగే ఆక్సిమీటర్ కొన్నాను. సిలిండర్ ఎంతసేపు వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. 22 ఘనపుటడుగుల సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 620 లీటర్ల వాయువు ఉంటుంది. మామూలు కాన్యులాకు ప్రతి 10,000 అడుగులకు నిమిషానికి ఒక లీటరు చొప్పున లెక్కిస్తే, 12,000 అడుగుల వద్ద ఇద్దరికి నిమిషానికి 2.4 లీటర్లు, అంటే నాలుగు గంటలకు కొంచెం పైన. ఊపిరి వదిలే సమయంలో సిలిండర్ నుంచి వచ్చే వాయువును చిన్న సంచిలో నిలిపి, తరువాతి శ్వాసకు అందించే రకం కాన్యులా వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. నేను అదే ఎంచుకున్నాను. కాన్యులా 18,000 అడుగుల వరకే పనికి వస్తుంది, ఆ పైన మాస్క్ ఉండాలి. నేను అంత ఎత్తుకు వెళ్లను గాని, ముక్కు దిబ్బడ వేస్తే కాన్యులా వల్ల ప్రయోజనం ఉండదని ఒక మాస్క్ కూడా దగ్గర ఉంచుకుంటాను.

సిలిండర్‌ను ముందు సీటు వెనుక, కూర్చున్నచోటు నుంచే గేజ్ కనిపించి వాల్వ్ చేతికి అందేలా పట్టీలతో గట్టిగా బిగించాను. నూనె, గ్రీజు విషయంలో మాత్రం నాకు భయమే ఉంది, ఉండాలి కూడా. అధిక పీడనంలో ఉన్న ప్రాణవాయువుకు కొద్దిపాటి జిడ్డు తగిలినా మంట పుట్టవచ్చు. ఇంజిన్ ఆయిల్ చూసిన చేతులతో రెగ్యులేటర్‌ను ముట్టుకోను. పెదవులకు పెట్రోలియం జెల్లీ రాసుకుని కాన్యులా పెట్టుకోవద్దని ప్రయాణికులకు ముందే చెబుతాను. వాల్వ్‌ను ఎప్పుడూ మెల్లగానే తెరుస్తాను, ఎందుకంటే ఒక్కసారిగా తెరిస్తే లోపల వాయువు హఠాత్తుగా కుదించుకుని వేడెక్కుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినది నింపడమే. ఒకే పెద్ద సిలిండర్ నుంచి నింపితే దాని పీడనం పడిపోయిన కొద్దీ చిన్న సిలిండర్ నిండడం మానేస్తుంది, పెద్దదానిలో మాత్రం బోలెడు వాయువు మిగిలిపోతుంది. అందుకే మూడు పెద్ద సిలిండర్లు వరుసగా వాడతారు. ఆ రోజు నా దగ్గరున్నవి 900, 1,500, 2,100 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని పీడనాన్ని చెప్పే కొలత) వద్ద ఉన్నాయి. తక్కువ పీడనం ఉన్నదానితో మొదలుపెట్టి, దానిలోనూ చిన్న సిలిండర్‌లోనూ పీడనం సమమయ్యాక దాన్ని మూసి, తరువాతి దానికి వెళ్లి, చివరికి మాత్రమే ఎక్కువ పీడనం ఉన్నదాన్ని తెరవాలి. వరుస తప్పితే ఎక్కువ పీడనం అంతా మొదట్లోనే ఖర్చయిపోతుంది. నేను తెప్పించినది విమానాల కోసం ఉద్దేశించిన వాయువు. దానిలో తేమకు కఠినమైన పరిమితి ఉంటుంది, తేమ ఉంటే పైన చలికి రెగ్యులేటర్‌లో గడ్డకట్టవచ్చు.

వరుస సరిగానే పాటించాను గాని, తొందరపడ్డాను. కొద్ది నిమిషాల్లోనే గేజ్ 1,800 చూపింది. సిలిండర్‌ను తాకితే చేయి చురుక్కుమంది. మరునాడు ఉదయం చూస్తే 1,630. లీకు ఉందనుకుని రెగ్యులేటర్ విప్పి, వాషర్ మార్చి, మళ్లీ బిగించి, వాల్వ్ తెరిచి మూసి ముల్లు కదులుతుందేమోనని గంటసేపు కూర్చున్నాను. ముల్లు కదలలేదు. వేడి వాయువు చల్లారి పీడనం తగ్గిందంతే. సుమారు 50 డిగ్రీల వద్ద 1,800 చూపిన సిలిండర్ 20 డిగ్రీలకు వస్తే సుమారు 1,630 చూపుతుంది. గేజ్ అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని సగం చదివాను. ఇప్పుడు నిమిషానికి 200 పిఎస్‌ఐకి మించకుండా నింపుతాను, మధ్యలో ఆపి చల్లారనిస్తాను, ఆ తరువాతే చివరి అంకెను పుస్తకంలో రాసుకుంటాను. పూర్తిగా ఖాళీ కూడా చేయను, లోపల కొంత పీడనం మిగిలి ఉంటేనే బయటి తేమ చేరదు. సిలిండర్ మెడ దగ్గర ముద్రించిన పరీక్ష తేదీని కూడా ఆ పుస్తకంలోనే రాశాను, ఐదేళ్లకోసారి నీటి పీడన పరీక్ష చేయించాలి కాబట్టి.

మొన్న అదే దారిలో, అదే 11,500 అడుగుల మీద, అదే మిత్రుడితో మూడు గంటలు వెళ్లాను. ఆక్సిమీటర్ 95 శాతం కంటే తక్కువ చూపలేదు. బయలుదేరేటప్పుడు 1,780 ఉన్న గేజ్ దిగేసరికి 1,180 చూపింది. ఫ్రీక్వెన్సీలన్నీ మొదటిసారికే సరిగా పెట్టానని మిత్రుడు చెప్పాడు, నాకు కూడా ప్రతి ఒక్కటీ గుర్తుంది.