గామీట్లు రాయకుండా నిష్పత్తి రాయొద్దు: నా నీట్ జెనెటిక్స్ ప్రిపరేషన్

నీట్ మొదటిసారి రాసినప్పుడు జెనెటిక్స్‌లో ఐదు ప్రశ్నలు తప్పు చేశాను. రావాల్సిన 20 మార్కులు పోయాయి, మైనస్ మార్కులు మరో 5. ఐదూ నాకు తెలిసిన టాపిక్‌లే. అందులో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. రెండు లక్షణాలకూ విషమయుగ్మజంగా (జతలోని రెండు జన్యువులూ వేర్వేరుగా) ఉన్న మొక్కను, రెండింటికీ అంతర్గతంగా (రిసెసివ్‌గా) ఉన్న మొక్కతో సంకరణం చేస్తే సంతతి ఏ నిష్పత్తిలో వస్తుంది అని అడిగారు. రెండు లక్షణాలు అన్న మాట చూడగానే 9:3:3:1 దగ్గర బబుల్ నింపేశాను. అది పరీక్షా సంకరణం. జవాబు 1:1:1:1. పక్కన ఖాళీలో గామీట్లు (బీజకణాలు) రాసుకుని ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

రెండో ఏడాది నా చదువు మొత్తం ఆ తప్పు చుట్టూనే తిరిగింది. జెనెటిక్స్‌లో దెబ్బ తింటున్న వాళ్ళకు, ముఖ్యంగా మనలా సరిహద్దు జిల్లాల్లో ఉండి ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, పరీక్షలో మరో భాషతో నెట్టుకొస్తున్న వాళ్ళకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు. పదో తరగతి దాకా ఒడియా మీడియం. ప్లస్ టూ ఇంగ్లిష్. పక్కనే ఉన్న పాతపట్నంలో మా పిన్ని కూతురు తెలుగు మీడియంలో చదివింది కాబట్టి ఆమె పుస్తకాలూ నా దగ్గర ఉండేవి. ఒకే విషయానికి మూడు మాటలు తలలో తిరిగేవి. డామినెంట్‌ను, అంటే పైకి కనిపించే లక్షణాన్ని, బహిర్గతం అంటారని, రిసెసివ్‌ను అంతర్గతం అంటారని ఆ పుస్తకంలో చూసిన రోజు నాకు చాలా తేలికైంది. అంతర్గతం అంటే లోపల ఉంది, పోలేదు అని ఆ మాటే చెబుతోంది కదా. మొదటి తరంలో కనిపించని పొట్టి లక్షణం రెండో తరంలో మళ్ళీ ఎందుకు వస్తుందో ఇంగ్లిష్ పేరు నాకెప్పుడూ చెప్పలేదు. పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ పోరాటం విలువ నాకు బయాలజీ పుస్తకం దగ్గర తెలిసొచ్చింది. పేపర్ ఏ భాషలో రాసినా సరే, అర్థం చేసుకోవడం మాత్రం మీకు బాగా పట్టుబడిన భాషలోనే చేసుకోండి.

పేపర్ భాష గురించి ఇంకొక మాట. నీట్ 13 భాషల్లో జరుగుతుంది కానీ ప్రాంతీయ భాష పేపర్ ఆ రాష్ట్రంలోని సెంటర్లలోనే ఇస్తారు. తెలుగు పేపర్ కావాలంటే ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ సెంటర్ పెట్టుకోవాలి. నేను బరంపురం సెంటర్ పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాశాను. అప్లికేషన్ నింపే ముందే బులెటిన్ చూసి తేల్చుకోండి. ఆఖరి నిమిషంలో దీని గురించి టెన్షన్ పడొద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటి ఏడాది నేను వెళ్ళిన కోచింగ్‌లో నిష్పత్తులన్నీ ఒక పట్టీగా రాయించి బట్టీ పట్టించారు. ఏకసంకరణం (ఒక లక్షణం) అంటే 3:1, ద్విసంకరణం (రెండు లక్షణాలు) అంటే 9:3:3:1, అసంపూర్ణ బహిర్గతత్వం అంటే 1:2:1. ఆ పట్టీ నాకు నిద్రలో కూడా వచ్చేది. అయితే ప్రశ్న అడిగేవాళ్ళు తల్లిదండ్రుల్లో ఒకరిని మార్చినా చాలు, పట్టీ పనికిరాదు. రెండో ఏడాది నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఎంత సులువైన ప్రశ్న అయినా ముందు తల్లి జన్యురూపం (ఏ జన్యువుల జత ఉందో), తండ్రి జన్యురూపం, వాటి కింద ఒక్కొక్కరు ఇవ్వగల గామీట్లు రాయాలి. ఆ తర్వాతే నిష్పత్తి.

గామీట్లు ఎన్ని రకాలో లెక్కించడానికి విషమయుగ్మజంగా ఉన్న జతలను మాత్రమే చూడాలి. అవి మూడు ఉంటే 2ను మూడుసార్లు గుణించి 8. మూడు జతల్లో మధ్యది సమయుగ్మజం (రెండూ ఒకటే) అయితే 4 మాత్రమే. జతలు ఎన్ని ఉన్నాయో చూసి 8 అని పెట్టేవాళ్ళు చాలామంది. మొదటి ఏడాది నేనూ అలాగే పెట్టాను.

జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండల్ గురించి చదివేటప్పుడు ఆయన అంకెలు తప్పకుండా చూడండి. 1856 నుంచి 1863 దాకా బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాల్లో, గింజ ఆకారం విషయంలో రెండో తరంలో ఆయన లెక్కపెట్టినవి 7,324 గింజలు. గుండ్రటివి 5,474, ముడతవి 1,850. సరిగ్గా 3:1 రాలేదు, 2.96:1 వచ్చింది. పొడుగు, పొట్టి మొక్కల్లో 787కి 277. రెండు లక్షణాల ప్రయోగంలో 556 గింజలకు 315, 108, 101, 32. ఈ అంకెలు చూశాకే నాకు బుర్రలో ఒక ముడి విడింది. 3:1 అన్నది ప్రకృతి ఇచ్చిన హామీ కాదు, ఎక్కువసార్లు జరిగితే లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పే మాట.

దాన్ని చేతులతో చూడాలనిపించి ఒక సాయంత్రం డాబా మీద కూర్చుని రెండు రూపాయి బిళ్ళలు కలిపి ఎగరేశాను. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. బొమ్మ పడితే బహిర్గతం, బొరుసు పడితే అంతర్గతం. రెండూ బొరుసు పడితేనే ముడత గింజ. 40 సార్లకు 10 రావాలి, నాకు 13 వచ్చాయి. 100 దాకా వెళ్తే 27. వరుసగా మూడుసార్లు రెండూ బొరుసే పడ్డ సందర్భం కూడా ఉంది. బిళ్ళకు ముందేం పడిందో గుర్తుండదు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అనుకోవడం ఎంత పొరపాటో ఆ డాబా మీద అర్థమైంది. ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటి నుంచే.

ఈ లెక్క కాగితం దాటి నా ముందు నిలబడింది బరంపురం హాస్టల్లో. నా రూమ్మేట్‌ది బలంగీర్ వైపు. పెట్టెలో సర్టిఫికెట్లతో పాటు ఒక సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) కార్డు దాచుకునేది. ఆమె క్యారియర్, అంటే జబ్బు జన్యువు ఒక్క కాపీయే ఉన్న మనిషి. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, మాతో పాటే మెట్లెక్కేది, మాతో పాటే రాత్రి ఒంటిగంట దాకా చదివేది. తమ్ముడికి మాత్రం జబ్బు ఉంది. చలికాలం వస్తే కీళ్ళనొప్పులతో వాడు పడే బాధ చెబుతూ ఆమె గొంతు పూడుకుపోయేది.

ఒకరోజు పెడిగ్రీ (వంశ పటం) లెక్కలు చేస్తుంటే ఆమె తన ఇంటినే నోట్సులో గీసింది. నాన్నకు చదరం, అమ్మకు వృత్తం, రెండూ సగం నింపినవి, అంటే ఇద్దరూ క్యారియర్లు. తమ్ముడి చదరం పూర్తిగా నింపింది. తన వృత్తం ఖాళీగా వదిలి నన్ను అడిగింది: "నాకు టెస్ట్ చేయలేదనుకో. జబ్బు లేదని మాత్రం తెలుసు. నేను క్యారియర్ అయ్యే అవకాశం ఎంత?" నేను వెంటనే సగం అన్నాను. ఆమె నాలుగు గళ్ళు గీసి, జబ్బు ఉన్న గడిని పెన్నుతో కొట్టేసింది. "నాకు జబ్బు లేదని తెలిశాక ఈ గడి ఇంకా ఎందుకు లెక్కలోకి వస్తుంది? మిగిలినవి మూడు. వాటిలో క్యారియర్లు రెండు." జవాబు 2/3.

ఆ కొట్టేసిన గడిని నేను మర్చిపోలేను. జబ్బు లేని బిడ్డ అని ప్రశ్నలో ఒక్క మాట ఉంటే చాలు, 1/2 పోయి 2/3 వస్తుంది. ఇదే ప్రశ్నను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళి అడగొచ్చు. టెస్ట్ చేయించుకోని అలాంటి అమ్మాయి ఒక క్యారియర్‌ను పెళ్ళి చేసుకుంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 2/3ని 1/4తో గుణిస్తే 1/6. ఆమె క్యారియర్ అని కార్డు చెబుతోంది కాబట్టి నా రూమ్మేట్ విషయంలో అదే లెక్క 1/4 అవుతుంది. తెలిసిన సమాచారం మారితే లెక్క మారుతుంది, అంతే.

సికిల్ సెల్‌ను ఒక్క టాపిక్‌గా కూర్చుని చదివితే సగం చాప్టర్ అందులోనే దొరుకుతుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. కోడాన్ (అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల సంకేతం) జీఏజీ నుంచి జీయూజీ అవుతుంది, ఒక్క అక్షరం తేడా. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కణం కొడవలిలా వంగిపోతుంది. ఇది అలింగ (లింగాన్ని నిర్ణయించని) క్రోమోజోముల మీది అంతర్గత లక్షణం. క్యారియర్లకు ఫాల్సిపారం రకం మలేరియా తీవ్రం కాకుండా కొంత రక్షణ ఉంటుంది. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంత కీడు చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు పోలేదన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ మిషన్ లక్ష్యం 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించడం. ఒడిశా, మహారాష్ట్ర రెండూ అందులో ఉన్నాయి. మీ ఊళ్ళో పరీక్షల శిబిరం పెడితే చేయించుకోండి.

మన తెలుగువాళ్ళం పెడిగ్రీలో తప్పక ఆగి చూడాల్సిన గుర్తు ఇంకొకటి ఉంది, జంట గీత. దగ్గరి బంధువుల పెళ్ళికి ఆ గుర్తు వేస్తారు. మా అమ్మానాన్నలది మేనరికం. నాన్న మా అమ్మకు సొంత మేనత్త కొడుకు. మా ఇంటి పటం గీసినప్పుడు వాళ్ళిద్దరి మధ్య జంట గీత నేనే వేశాను. హాస్టల్లో ఒడియా అమ్మాయిలు ఆశ్చర్యంగా అడిగితే సిగ్గుపడకుండా లెక్క చెప్పాను. మా ముత్తవ్వ ఒక్కరే ఏదో అరుదైన అంతర్గత జబ్బుకు క్యారియర్ అనుకుందాం. ఆమె కూతురికి అది వచ్చే అవకాశం 1/2, ఆ కూతురి కొడుకైన నాన్నకు 1/4. అలాగే ఆమె కొడుకుకు 1/2, ఆ కొడుకు కూతురైన అమ్మకు 1/4. ఇద్దరూ క్యారియర్లై, ఇద్దరి నుంచీ అదే నాకు రావాలంటే 1/4, 1/4, 1/4 గుణిస్తే 1/64. చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ నాన్న బయటి సంబంధం చేసుకుని ఉంటే, అంత అరుదైన జన్యువు రెండు వైపుల నుంచీ రావడం దాదాపు జరగదు. ఒకే పూర్వీకుల జన్యువు బిడ్డలో రెండు కాపీలుగా చేరే అవకాశం ఇలాంటి మేనరికంలో 1/16, మేనమామ పెళ్ళిలో 1/8. పెద్దవాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పెళ్ళికి ముందు రక్తపరీక్ష ఎందుకో ఇంట్లో చెప్పగలిగితే మన చదువు ఇంటికి ఉపయోగపడుతుంది.

మిగతా టాపిక్‌లకు నేను ఇంత సమయం పెట్టలేదు. లింగ సహలగ్నతకు (జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడానికి) మన భాషలోనే ఒక మాట ఉంది, దౌహిత్రుడు. తాత నుంచి కూతురి మీదుగా దౌహిత్రుడికి చేరేదే రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా జబ్బు దారి. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై మాత్రమే కాబట్టి, తండ్రికి హిమోఫిలియా ఉండి తల్లి క్యారియర్ కాకపోతే కొడుకుల్లో ఒక్కరికీ రాదు. తేనెటీగల్లో ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుట్టే పోతుటీగకు తండ్రి ఉండడు, తాత ఉంటాడు. రాణి ఈగకు 32 క్రోమోజోములు, పోతుటీగకు 16. చంద్రకాంత పువ్వుల్లో ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ రంగు రావడం అసంపూర్ణ బహిర్గతత్వానికి ఉదాహరణ. ఆ మొక్క మన పెరట్లోనే ఉంటుంది. శాస్త్రవేత్త మోర్గాన్ పండ్ల ఈగల అంకెలు మాత్రం గుర్తుపెట్టుకోక తప్పదు. పసుపు శరీరం, తెల్ల కళ్ళ జన్యువుల మధ్య పునఃసంయోజనం (కొత్త కలయికలో రావడం) 1.3 శాతం, తెల్ల కళ్ళు, చిన్న రెక్కల మధ్య 37.2 శాతం. సంవత్సరాల విషయంలో నాకు మా ఊరి రైలు సాయం చేసింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది 1900లో. శాస్త్రవేత్తలు డీ వ్రీస్, కోరెన్స్, షెర్మాక్ మెండల్‌ను మళ్ళీ వెలికితీసిందీ అదే ఏడాది. మీ ఊళ్ళో అలాంటి ఏడాది ఏదైనా ఉంటే వాడుకోండి.

బయాలజీలో 90 ప్రశ్నలు. అందులో జెనెటిక్స్ లెక్కలు వచ్చినప్పుడు తొందర పడకుండా ఉండాలంటే మిగతావి వేగంగా అవ్వాలి. మాక్ టెస్టుల్లో పెడిగ్రీకి నేను ఒకటిన్నర నిమిషం దాకా ఇచ్చాను. పటం చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: జబ్బు లేని తల్లిదండ్రులకు జబ్బున్న బిడ్డ ఉందా? ఉంటే అది అంతర్గతం. ఆ బిడ్డ కూతురైతే, తండ్రికి జబ్బు లేదు కాబట్టి ఎక్స్ సహలగ్నం కూడా కాదు. ఈ రెండు మెట్లతో నాలుగు ఆప్షన్లలో రెండు మూడు పోతాయి.

చివరి పది రోజుల్లో కొత్త లెక్కలు చేయలేదు. మా ఇంటి రక్తం గ్రూపులతోనే ప్రాక్టీస్ చేశాను. అమ్మది ఏ, నాన్నది బి, తమ్ముడిది ఓ. తమ్ముడు ఓ కాబట్టి అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఒక్కో ఓ ఉండి తీరాలి. నాది ఏ, అంటే అమ్మ నుంచి ఏ, నాన్న నుంచి ఓ. నానమ్మది ఓ, తాతయ్యది బి. వాళ్ళ ముగ్గురు పిల్లలూ బి. ముగ్గురూ బి అయ్యారని తాతయ్యకు రెండూ బి అని రాయలేం. ఆయన దగ్గర ఒక ఓ ఉన్నా ముగ్గురికీ బి వెళ్ళే అవకాశం 1/8 ఉంది. తెలియని యుగ్మ వికల్పం (జతలోని జన్యువు రూపం) దగ్గర డాష్ పెట్టడమే సరైన పద్ధతి. నా నోట్సులో తాతయ్య చదరం కింద బి పక్కన ఇప్పటికీ డాషే ఉంది.