తాళం వేసి మర్చిపోయిన కొట్టు

ఒరెగాన్‌లో ఉండే మన తెలుగువాళ్ళకి పెయింటెడ్ హిల్స్ బాగా తెలుసు. ఆ ఎర్ర చారల కొండల ముందు నిలబడి దిగిన ఫోటో లేని వాట్సాప్ గ్రూపు ఉండదు. ఫోటోలు అయిపోగానే అందరూ బండి వెనక్కి తిప్పేస్తారు, చీకటి పడేలోపు పోర్ట్‌లాండ్ చేరాలి కదా. అదే హైవే 26 మీద ఇంకో గంటన్నర తూర్పుకి వెళ్తే జాన్ డే అని చిన్న ఊరు వస్తుంది, జనాభా 1,700 లోపే. ఆ ఊళ్ళో పార్కు పక్కన ఓ పాత రాతి కొట్టు ఉంది, పేరు కామ్ వా చుంగ్. ఈసారి మేం కొండల దగ్గర ఆగకుండా దాన్ని చూడ్డానికే వెళ్ళాం. వచ్చినప్పటి నుంచీ ఎవరు దొరికితే వాళ్ళకి దాని గురించే చెప్తున్నాను, ఇంట్లో వాళ్ళు విసుక్కుంటున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. 1862లో జాన్ డేకి రెండు మైళ్ళ దూరంలో ఉన్న కాన్యన్ క్రీక్‌లో బంగారం దొరికింది. ఇంకేముంది, వేలమంది దిగిపోయారు, కాన్యన్ సిటీ అని ఊరు లేచింది. సులువుగా దొరికే బంగారం అయిపోయాక తెల్లవాళ్ళు చాలామంది తమ జాగాలు అమ్మేసి ఇంకో చోటికి పోయారు. వాళ్ళు వదిలేసిన మట్టినే మళ్ళీ కడిగి అందులోంచి బంగారం తీసింది చైనా నుంచి వచ్చిన కూలీలు. 1870ల చివరికి తూర్పు ఒరెగాన్ గనుల్లో తెల్లవాళ్ళకంటే చైనీయులే ఎక్కువ. ఈ మాట పయొనీర్ కథల్లో, అంటే పడమటికి మొదట వలసొచ్చినవాళ్ళ కథల్లో, ఎక్కడా గట్టిగా వినపడదు. టోపీ, గుర్రం, తుపాకీ, సెలూన్, అంతటితో కథ సరి.

1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీలు కొత్తగా రాకూడదని చట్టం చేసింది. పదేళ్ళకి ఇంకో చట్టం తెచ్చి, ఉన్నవాళ్ళు కూడా రెసిడెన్స్ సర్టిఫికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలంది (గ్రీన్‌కార్డు జేబులో పెట్టుకుని తిరగాలనే మన రూలుకి అది ముత్తాత). ఈ మధ్యలోనే, 1885లో, కాన్యన్ సిటీలో చైనావాళ్ళ పేట అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అక్కడ మళ్ళీ కట్టుకోనివ్వలేదు. దాంతో వాళ్ళు జాన్ డేకి చేరారు. ఇంగ్ హే, లంగ్ ఆన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1887లో అక్కడ కలిసి, ఆ తర్వాత ఈ కామ్ వా చుంగ్ కొట్టు తీసుకున్నారు. భవనం అంతకు ముందే, 1860ల్లో, మిలిటరీ రోడ్డు పక్కన కట్టింది. మందపాటి రాతి గోడలు, చిన్న చిన్న కిటికీలు, రేకు కొట్టిన తలుపు. రాత్రిపూట తాగి వచ్చి కాల్పులు జరిపే జనం ఉన్న రోజుల్లో అలాంటి తలుపు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరూ భలే జోడీ. లంగ్ ఆన్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు, మాటకారి, గుర్రప్పందాలంటే పిచ్చి, తర్వాత రోజుల్లో కార్ల అమ్మకంలోకి కూడా దిగాడు. ఇంగ్ హే నెమ్మదస్తుడు, నాడి పట్టి చూసి రోగం చెప్పే వైద్యుడు. మనకి ఇది కొత్త సంగతి కాదు గానీ, అక్కడి పశువుల కాపర్లకి మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకునే డాక్టర్ ఎంత వింతగా కనిపించి ఉంటాడో! అయినా వచ్చారు. చేతికి దెబ్బ తగిలి విషమెక్కినవాళ్ళు, మామూలు డాక్టర్లు చేతులెత్తేసినవాళ్ళు, మైళ్ళకొద్దీ గుర్రాల మీద వచ్చారు. రాలేనివాళ్ళు ఉత్తరాలు రాసి మందులు తెప్పించుకున్నారు. లైసెన్స్ లేకుండా వైద్యం చేస్తున్నాడని ఆయన మీద కేసు పెడితే శిక్ష వేయడానికి జ్యూరీ ఒప్పుకోలేదట. జ్యూరీలో కూర్చునేది కూడా ఊళ్ళోవాళ్ళే కదా, ఎవరింట్లోనో ఒకరికి ఆయన మందు ఇచ్చే ఉంటాడు.

ఆ కొట్టు ఒక్క కొట్టే కాదు. ముందు గదిలో సరుకులు, పక్కన మందుల గది, ఓ మూల దేవుడి మందిరం, వంటిల్లు, పనికోసం ఊళ్ళు తిరిగే కూలీలు రాత్రి పడుకోవడానికి చెక్క బంకులు. చదువురాని వాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేదీ, చదివిపెట్టేదీ అక్కడే. పని ఇప్పించేదీ అక్కడే. అమెరికాలో కొత్తగా దిగిన మన కుర్రాళ్ళకి ఇండియన్ స్టోరు, గుడి, గెస్ట్‌హౌసు, కన్సల్టెన్సీ అన్నీ ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందో అలా.

1940లో లంగ్ ఆన్ పోయాడు. 1948లో, అప్పటికే చూపు పోయిన ఇంగ్ హే పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వైద్యానికి పోర్ట్‌లాండ్ తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు, ఎలాగూ తిరిగొస్తాంగా అన్నట్టు, ఉన్నది ఉన్నట్టు వదిలేసి తాళం వేశారు. ఆయన తిరిగి రాలేదు, 1952లో అక్కడే నర్సింగ్ హోమ్‌లో చనిపోయాడు. బంధువు ఒకాయన 1955లో ఆ భవనాన్ని ఊరికి రాసిచ్చేశాడు, మ్యూజియం చేయాలన్న షరతు మీద. ఊరు తీసుకుంది, తీసుకుని హాయిగా మర్చిపోయింది! 1967లో పార్కు కోసం స్థలం లెక్కలు చూస్తుంటే ఈ భవనం మనదేనటగా అని బయటపడింది. తలుపు తీస్తే అల్మారాల్లో మందు డబ్బాలు, సరుకులు, బంకులు, పొగచూరిన గోడలు, అన్నీ 1948లో ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి.

నాకు బాగా తట్టింది ఇదే. ఈ కొట్టుని చాలాకాలం ఎవరూ కాపాడలేదు. ఎవరూ ముట్టుకోలేదు, అంతే. 1955లోనే ఎవరో ఉత్సాహవంతుడు బాధ్యత తీసుకుని ఉంటే ఏం జరిగేదో నేను ఊహించగలను. గోడలు కడిగి సున్నం వేసేవాళ్ళు. పాత కాగితాలు బరువనీ, అర్థంకాని భాషనీ చెత్తలో వేసేవాళ్ళు. అందమైన టీ డబ్బాలు నాలుగు గాజు పెట్టెలో పెట్టి, పక్కన ఒక బండి చక్రం ఆనించి ఉంచేవాళ్ళు. (పడమటి అమెరికాలో బండి చక్రం లేని మ్యూజియం మీకెక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి.)

నిజానికి అసలు సంపద ఆ కాగితాల్లోనే ఉంది. ఇంగ్ హే మంచం కింద పెట్టెలో బ్యాంకులో వేయని చెక్కులు దొరికాయి, మొత్తం విలువ ఇరవై వేల డాలర్ల పైనే. పేదవాళ్ళ దగ్గర తీసుకోవడానికి మనసు రాక అలా ఉంచేశాడని ఊళ్ళో చెప్తారు. కావచ్చు. ఆయనకి డబ్బు అవసరం అంతగా లేదేమో అని కూడా నాకు అనిపించింది, ఎందుకంటే లంగ్ ఆన్ వ్యాపారం బాగానే సాగింది. చెక్కుల మీద పేర్లు, తేదీలు, మొత్తాలు ఉంటాయి కాబట్టి ఎవరు ఏ ఏడాది వైద్యానికి వచ్చారో తెలుస్తుంది. వాటితో పాటు ఖాతా పుస్తకాలు, చైనా నుంచి వచ్చిన ఉత్తరాలు దొరికాయి. డబ్బు పంపమనీ, ఒక్కసారి వచ్చి పొమ్మనీ. ఇద్దరికీ అక్కడ భార్యలున్నారు. ఇద్దరూ మళ్ళీ వెళ్ళలేదు.

ఈ ఖాతా పుస్తకాల విలువ తెలియాలంటే ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో పదేళ్ళకోసారి తీసే జనాభా లెక్కల్లో 1890 నాటివి దాదాపు లేవు. 1921లో రాజధాని వాషింగ్టన్‌లో ఆ రికార్డులు దాచిన భవనంలో మంటలు లేచాయి, కొన్ని కాలిపోయాయి, చాలావరకు ఆర్పడానికి పోసిన నీళ్ళలో తడిసిపోయాయి, మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే పారేసింది. అంటే 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళు ఖాళీ. పడమటి పల్లెలు పుట్టి, పెరిగి, కొన్ని చచ్చిపోయింది కూడా సరిగ్గా ఆ ఇరవై ఏళ్ళలోనే! ఉన్న లెక్కల్లో కూడా చైనావాళ్ళని చాలాచోట్ల పేరు అడగకుండా చైనామన్ అని రాసిపారేశారు. పోనీ శ్మశానంలో రాళ్ళు చూద్దామా అంటే, వాళ్ళలో చాలామంది ఎముకల్ని కొన్నేళ్ళకి తవ్వి స్వదేశానికి పంపే ఆచారం ఉండేది. కాబట్టి జనాభా లెక్కలు, సమాధి రాళ్ళు, స్థానిక పేపరు అనే మామూలు దారుల్లో వీళ్ళు దొరకరు. బియ్యం అప్పు తీసుకున్నప్పుడు కొట్టువాడు రాసుకున్న పద్దులో దొరుకుతారు.

దీనికి పూర్తి వ్యతిరేకం చూడాలంటే తిరుగు ప్రయాణంలో సిస్టర్స్ అనే ఊరి మీదుగా రండి. అక్కడ దుకాణాలన్నీ 1880ల నాటి ముఖాలతో ఉంటాయి, చెక్క పలకలు, పాతకాలం అక్షరాలు. పిల్లలకి భలే నచ్చింది. ఆ ముఖాలు 1970ల్లో టూరిస్టుల కోసం ఊరు రూలు పెట్టి కట్టించినవి. ఊరికి ప్లాను గీసి ప్లాట్లు చేసిందే 1901లో, ఇక 1880ల బజారు ఎక్కణ్ణుంచి వస్తుంది? వాషింగ్టన్ రాష్ట్రంలో విన్‌త్రాప్ కూడా ఇలాగే, హైవే వస్తోందని 1972లో వేషం వేసుకుంది. నేను తప్పు పట్టడం లేదు, కలప మిల్లులు మూతపడితే ఊరు ఏదో ఒకటి తిని బతకాలి. ఐస్‌క్రీమ్ మేమూ తిన్నాం. కానీ దాన్ని చరిత్రని కాపాడటం అంటేనే నాకు చిరాకు.

కాలిఫోర్నియాలో బోడీ వాళ్ళది మధ్య మార్గం. అది ఒకప్పుడు వేలమంది ఉన్న బంగారు గనుల ఊరు. 1932 మంటల్లో చాలాభాగం పోయింది, 1962లో స్టేట్ పార్క్ అయింది. అక్కడ కప్పు ఎగిరిపోతే వేస్తారు, గోడ ఒరిగితే ఆనిక పెడతారు, కొత్తగా రంగు మాత్రం వేయరు. దొరికిన రోజు ఎంత పాడైందో అక్కడే ఆపడం వాళ్ళ పద్ధతి. వినడానికి తేలిక, కానీ ఎనిమిది వేల అడుగుల పైన మంచులో దాన్ని అలా నిలబెట్టడానికి ఏటా పని చేస్తూనే ఉండాలి. ముట్టుకోకపోవడం కూడా ఖర్చే. జాన్ డే కొట్టుకైనా అంతే, తలుపు తీసిన రోజు నుంచి ఎలుకలు, పురుగులు, తేమ, వెలుతురు, చూడ్డానికి వచ్చేవాళ్ళ ఊపిరి, అన్నీ దానికి శత్రువులే.

ఇలాంటి ఊళ్ళ చరిత్రని నిజంగా పట్టుకుని ఉండేది సాధారణంగా ఓ చారిత్రక సొసైటీలో ఉండే నలుగురైదుగురు రిటైరైన వాళ్ళు. వాళ్ళ చేతిలో అగ్ని బీమా కంపెనీల కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపులు ఉంటాయి. ఏ ఇల్లు రాయి, ఏది చెక్క, ఏది లాండ్రీ, అన్నీ రంగులతో గుర్తుపెట్టి ఉంటాయి, చాలా ఊళ్ళలో చైనావాళ్ళ ఇళ్ళు ఎక్కడుండేవో ఇప్పుడు చెప్పగలిగేది ఆ మ్యాపుల వల్లే. పాత పేపర్లని చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఒరెగాన్ పేపర్లయితే యూనివర్సిటీ ఆఫ్ ఒరెగాన్ సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను ఓ రాత్రి సరదాగా మొదలుపెట్టి రెండింటి దాకా చదువుతూ కూర్చున్నాను. స్కాన్ చేయలేనిది ఒకటే, ఫోటోలో ఉన్నది ఎవరో చెప్పగలిగిన ఆఖరి ముసలామె జ్ఞాపకం. అందుకే మ్యూజియం వాళ్ళు పాత ఫోటో చేతికిస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తారు, పెన్సిల్‌తో పేరు రాసి ఉందా అని.

మన విషయానికొస్తే, ఒరెగాన్‌లో భారతీయులది కూడా పాత కథే. 1913లో, బ్రిటిష్ పాలనని కూలదోయాలని పుట్టిన గదర్ పార్టీకి పునాది పడింది ఇక్కడి ఆస్టోరియాలో, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీల మధ్య. అమెరికాలో ఆ పార్టీలో చేరినవాళ్ళలో మన దరిశి చెంచయ్య గారూ ఉన్నారు. మరి ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు మొదట చేసుకున్న ఉగాది కరపత్రం ఎవరి గరాజులో ఉంది? నేను తెలిసినవాళ్ళని అడిగితే, ఇల్లు మారినప్పుడు పడేశాం అన్నారు. చందా రశీదులు, పొట్లక్ లిస్టులు, ఎవరు ఎవరింట్లో మొదటి నెల ఉన్నారో రాసుకున్న నోట్‌బుక్కులు మీ దగ్గర ఏమైనా ఉంటే పడేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి, జిగురుకి కాగితం పాడైపోతుంది, మళ్ళీ విడదీయడం కూడా కుదరదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: కామ్ వా చుంగ్ ఇప్పుడు స్టేట్ పార్క్స్ వాళ్ళ చేతిలో ఉంది, 2005లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ చేశారు. గైడు వెంట మాత్రమే, కొద్దికొద్దిమందిని లోపలికి పంపుతారు, టికెట్ లేదు. మే నుంచి అక్టోబర్ దాకా సీజను, చలికాలంలో మూసేస్తారు, బయల్దేరే ముందు ఫోన్ చేయడం మంచిది. పోర్ట్‌లాండ్ వైపు నుంచి ఐదారు గంటల డ్రైవ్, ప్రైన్‌విల్ దాటాక పెట్రోలు బంకులు పలచబడతాయి, అక్కడే ట్యాంకు నింపుకోండి. పులిహోర కట్టుకెళ్తే పక్కనున్న పార్కులో కూర్చుని తినొచ్చు.