వైన్స్ షాపులో దొరకని వైన్ కోసం నాసిక్ దాకా

షిర్డీకని మన్మాడ్‌లో దిగే మనవాళ్లలో నాసిక్ వైపు రైలు మారేవాళ్లు తక్కువే. నాసిక్ రోడ్‌లో దిగి గంగాపూర్ డ్యామ్ వైపు ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికీ బేరం కుదుర్చుకోండి. వైన్ తయారుచేసే ద్రాక్ష తోటల దగ్గర ఖాళీ బండి దొరకడం కష్టం. వెళ్తే జనవరి, మార్చి మధ్యలో వెళ్లాలి, అప్పుడే కోత.

రుచి చూపించే గదిలో ఐదు గ్లాసులు, ఒక్కోదాంట్లో సుమారు 30 మి.లీ. తీసుకున్న డబ్బు మాత్రం ఎక్కువే అనిపించింది. ముందు నురగ వైన్, తర్వాత తెలుపు, గులాబీ రంగు ‘రోజే’, ఎరుపు, చివర్న తీపిది. ఈ వరుస తప్పితే తీపి తర్వాత వచ్చేదంతా పుల్లగా తోస్తుంది. మా బల్ల దగ్గర ఎర్ర వైన్ సగం సగం మిగిలిపోయింది, ఆలస్యంగా కోసిన చెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన ఆ తీపి వైన్ మాత్రం చుక్క మిగల్లేదు. వెంటనే మిసళ్, అంటే అక్కడి కారపు మొలకల కూర, తిన్నవాళ్లకు కారణం తెలిసే ఉంటుంది: ఎర్ర వైన్‌లోని వగరు, ఆల్కహాల్ రెండూ మిరపకారం మంటను పెంచుతాయి, వైన్‌లో కాస్త మిగిల్చిన తీపి ఆ మంటను అణుస్తుంది. మన గోంగూర, ఆవకాయలకూ ఇదే లెక్క. మనవాళ్లకు వైన్ రుచి తెలియదన్న మాట ఆ బల్ల దగ్గర నిలవదు.

మరి ఊళ్లో ఎందుకు కొనరు? క్వార్టర్ లెక్క చూడండి. 180 మి.లీ. విస్కీలో, 42.8 శాతం చొప్పున, 77 మి.లీ. ఆల్కహాల్. 12 శాతం వైన్ ఫుల్ బాటిల్, 750 మి.లీ.లో 90 మి.లీ. మత్తు కోసం కొనేవాడికి ఫుల్ బాటిల్ వైన్ అంటే క్వార్టర్‌కి కాస్త పైన, అంతే. పైగా మూత తీశాక తెల్ల వైన్ ఫ్రిజ్‌లోనే మూడు నుంచి ఐదు రోజులు. ఒంటరిగా తాగేవాడికి సగం పారబోతే.

తర్వాతిది పన్ను. మద్యం రాష్ట్రాల చేతిలోది, జీఎస్టీ బయటే ఉంది. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమ విధానం తెచ్చి స్థానిక వైన్‌కు ఎక్సైజ్ ఊరటనిచ్చింది. అదే సీసా సరిహద్దు దాటాలంటే ప్రతి రాష్ట్రంలో లేబుల్ రిజిస్ట్రేషన్, పర్మిట్, ఫీజు. చిన్న తోటవాడు ఎనిమిది రకాలు చేసినా మన దగ్గరకు ఒకటో రెండో పంపగలడు. విదేశీ వైన్‌పై కస్టమ్స్ సుంకం చాలాకాలం 150 శాతంగా ఉంటూ వచ్చింది, ఆస్ట్రేలియా సీసాలకు ధర మెట్టును బట్టి 2022 డిసెంబర్ నుంచి తగ్గింపు ఉంది.

దాటి వచ్చిన ఆ ఒకటి రెండు కూడా మన ‘వైన్స్’లో ట్యూబ్‌లైట్ కింద, మే ఎండలో నిలబడి ఉంటాయి. వైన్‌కు 12 నుంచి 16 డిగ్రీలు కావాలి. ముప్ఫై దాటిన గదిలో వారాలుంటే పళ్ల వాసన పోయి ఉడికిన రుచి వస్తుంది. బిరడా సీసాను నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి గాలి దూరుతుంది. ఉక్క షాపులో తిప్పి తీసే మరమూత సీసానే అడగండి, దుమ్ము పట్టింది వద్దనండి. మొదటిసారి కొన్నవాడికి అలాంటిది తగిలితే మళ్లీ కొనడు, తప్పు ద్రాక్ష మీద వేస్తాడు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అడ్డు వైన్స్ షాపు ముందుండే ఆ ఇనుప జాలీ. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం, 1995లో మద్య నిషేధం, అదంతా చూసిన నేల మనది. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాని తర్వాత మద్యం ఏ రకమైనా మగవాళ్లు గుమిగూడే జాలీ వెనకే ఉండిపోయింది. అక్కడ నిలబడి లేబుల్ చదివే ఆడమనిషి మనకు కనబడదు. పెద్ద సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనివ్వాలని మహారాష్ట్ర మంత్రివర్గం 2022 జనవరిలో నిర్ణయించినా వ్యతిరేకత వచ్చి అమలు కాలేదు.

నాసిక్ కౌంటర్ దగ్గర కొన్నవాళ్లలో సగం పైన ఆడవాళ్లే. ఒకావిడ సీసా వెనక్కి తిప్పి చదివి, ఫ్రిజ్ తలుపులో పెట్టొచ్చా అని అడిగింది. తలుపు తీసినప్పుడల్లా కుదుపు, వేడి తగులుతాయి, లోపల అడుగు అరలో పడుకోబెట్టండి అన్నాడు అమ్మేవాడు. ఆమె ఇంకోటి తీసుకుంది.