అమ్మ చీరల బొంతకు ఏ నంబరు సూది?

అమ్మ కట్టి కట్టి మెత్తబడిన రెండు నేత చీరలను పైనా కిందా వేసి, నడుమ పల్చటి దూది పొర పరిచి, మనవరాలికి బొంత కుట్టాలని కూర్చున్న రోజున మిషన్‌కు జాకెట్లు కుట్టే 11 నంబరు సూదే ఉంది. ఉన్నవి మూడు పొరలే గనుక సరిపోతుందనుకున్నాను. నాలుగు జానలు కుట్టేసరికి ఐదారు కుట్లకొకటి తప్పిపోవడం మొదలైంది. పై దారం బిగువు (టెన్షన్) పెంచి చూశాను, కింది దారం చుట్టే బాబిన్‌కు దారం మళ్లీ చుట్టి చూశాను; ఒక పూట ఆ పనికే పోయింది. చివరికి అంచు మడత మీదికి రాగానే సూది టప్పున విరిగి, మొన దూదిలో పడిపోయింది. పసిపిల్ల కప్పుకునే బొంత కాబట్టి, ఆ ముక్క అయస్కాంతానికి అంటుకుని బయటపడేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.

సన్న సూది మందమైన పొరల్లోకి దిగేటప్పుడు కాస్త వంగుతుంది. అప్పుడు కింద బాబిన్ దగ్గర కొక్కెంలా ఉండే షటిల్ కొన పై దారాన్ని అందుకోలేక కుట్టు తప్పుతుంది. ఇది తెలిశాక నేను చేసినది కూడా తెలివైన పనేమీ కాదు, ఏకంగా జీన్సుకు వాడే 18 నంబరు బిగించాను. కుట్లు తప్పలేదు గాని, ఏళ్ల తరబడి ఉతికి నలిగిన నూలు మీద ప్రతి కుట్టు దగ్గరా కన్నం కనిపించింది, కన్నంలోంచి దూది పోగులు తెల్లగా మొలిచాయి.

అప్పుడు గాని పొట్లం మీది అంకెలను శ్రద్ధగా చదవలేదు. 90/14 అని ఉంటే అది 14 నంబరు సూది, బట్టలోకి దిగే దాని ఒంటి మందం 0.9 మిల్లీమీటర్లని అర్థం. 11కు అది 0.75, 18కి 1.1. కొట్టులో మొదట కాడ, అంటే మిషన్‌లో బిగించే పైభాగం, గుండ్రంగా ఉన్న సూదులిచ్చారు. అవి ఫ్యాక్టరీ మిషన్లవి; మన ఇంటి మిషన్‌కు కాడ ఒక పక్క చదునుగా ఉండాలి. దారానికీ సూది కంటికీ పొత్తు కుదిరిందో లేదో చూడడానికి, మూరెడు 40 నంబరు నూలు దారాన్ని కంట్లో ఎక్కించి ఏటవాలుగా బిగించి పట్టుకున్నాను. 11 మధ్యలోనే ఆగిపోయింది, 14 దానంతటదే జారింది. మిగిలిన చీర ముక్కల నడుమ అదే దూది పెట్టి కుట్టి చూసినా 14 నంబరుకే కుట్టు సమంగా పడింది.

బొంతంతా 14తోనే కుట్టి, మడతలు ఎక్కువైన అంచుకు మాత్రం 16 వేసి, అక్కడ చక్రాన్ని చేత్తో తిప్పాను. 18 చేసిన కన్నాలు కొన్ని తడిపి గోటితో రుద్దితే పూడాయి; పూడని మూల మీద అదే చీర కొంగులోని మామిడిపిందెను కత్తిరించి అతికాను.