తాలుకాయల ప్రోగ్రామ్: క్లాసులు మూడుసార్లు రాశాను

మాది గుంటూరు. నాన్నకు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. టిక్కీ (మిర్చి బస్తా) లోంచి తీసిన శాంపిల్‌ను ఫొటో తీస్తే, అందులో రంగు వెలిసిన తాలు ఎంతుందో చెప్పే ప్రోగ్రామ్ రాయాలని నాకు ఎప్పటినుంచో కోరిక. యార్డుకు వేసవి సెలవులిచ్చాక పైథాన్‌లో మొదలుపెట్టాను.

మొదట ఇన్‌హెరిటెన్స్ వెంట పడ్డాను, అంటే ఒక క్లాసు (డేటా, దానిమీద చేసే పనులు కలిపిన మూస) నుంచి కింది క్లాసులు గుణాలను వారసత్వంగా తీసుకోవడం. ఇమేజ్ అనే క్లాసు, దాని కింద గ్రేఇమేజ్, కలర్‌ఇమేజ్. బ్లర్ చేస్తే, అంటే మసకబారిస్తే, బ్లర్‌ఇమేజ్. మరి గ్రే చేసి బ్లర్ చేసినదో? దానికింకో క్లాసు. కాయల అంచులు గుర్తించడం కూడా కలిసేసరికి ఇక లాభం లేదనిపించింది. అన్నీ తీసేసి, చదవడం, సేవ్ చేయడం, బ్లర్, లెక్క మొత్తం ఇమేజ్ క్లాసులోనే మెథడ్లుగా (ఆ క్లాసు చేసే పనులుగా) కుక్కాను.

అక్కడ బ్లర్ దెబ్బకొట్టింది. కాయలు కుడివైపుకీ కిందికీ సాగినట్టు కనిపించేవి. రెండు రోజులు కోడ్ చూసినా అంతుపట్టలేదు. చివరికి కాగితం మీద అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు గీసి (ఒక్కో గడి ఫొటోలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్), నడిమి గడిలో 90, మిగతా అన్నిట్లో సున్నా వేసి చేత్తో లెక్కకట్టాను. ప్రతి గడికీ తనతో కలిపి చుట్టూ తొమ్మిది గళ్ల సగటు. అంచు గళ్లు వదిలేస్తే మొదటి గడిలో 10 వచ్చింది, సరే. పక్క గడిలోనూ 10 రావాలి, 11 వచ్చింది! ఎందుకంటే ఫలితాన్ని అదే అర్రేలో (అంకెల పట్టికలో) రాస్తున్నాను. పక్క గడి అసలు విలువకు బదులు నేను అప్పుడే మార్చిన విలువను కలుపుకుంటోంది.

అప్పుడు మూడోసారి రాశాను. ఇమేజ్ దగ్గర పిక్సెళ్లు, కొలతలు తప్ప ఏమీ ఉండవు, ఒకసారి తయారయ్యాక మారదు. ఫిల్టర్ అనేది వేరే క్లాసు, దానికి అప్లై ఒక్కటే మెథడ్: ఒక ఇమేజ్ తీసుకుని కొత్త ఇమేజ్ ఇస్తుంది. పైప్‌లైన్ ఆ ఫిల్టర్లను వరసగా నడుపుతుంది. కాపీలతో మెమరీ నిండిపోతుందని భయపడ్డాను. 4000×3000 ఫొటోకి పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున 3.6 కోట్ల బైట్లు, అంతే. వాడేసిన కాపీని వదిలేస్తే చాలు.

ఫలం వెంటనే కనిపించింది. ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీలో హ్యూ (ఏ రంగో చెప్పే అంకె) 0 నుంచి 179 దాకా ఉంటుంది, ఎరుపేమో రెండు కొసల్లోనూ ఉంటుంది. ఒక కొసే చూడటంతో మంచి కాయల్లో కొన్ని తాలు కింద లెక్కకొస్తున్నాయి. రెండు కొసలూ చూసే కొత్త ఫిల్టర్ ఒకటి రాసి పైప్‌లైన్‌లో పెట్టాను. పాత ఫైళ్లలో ఒక్క లైను కూడా ముట్టుకోలేదు.

నాన్నకు చూపించాను. తాలు ఏరి చేత్తో లెక్కపెట్టి, "పైనున్నది బాగానే పట్టింది. అడుగునున్న తాలు సంగతేంటమ్మా?" అన్నారు.

నిజమే, ఫొటోకి పైపొరే కనబడుతుంది. శాంపిల్ కలియబెట్టి నాలుగు ఫొటోలు తీసి సగటు చూడాలి. ఆ పని ఇమేజ్‌ది కాదు, ఫిల్టర్‌దీ కాదు. శాంపిల్ అనే క్లాసు మొదలుపెట్టాను, ఫొటోల జాబితా దాని దగ్గరుంటుంది.