వదిలేసిన మెట్టు

మెట్లపూజ మొక్కు పదకొండేళ్లుగా తీరక ఉండిపోయింది. ఈసారి అలిపిరిలో పాదాలమండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, తెల్లవారుజామునే అమ్మాయితో బయలుదేరాను. మొత్తం 3550 మెట్లు. ఒక్కో మెట్టుకీ వంగి, పసుపు రాసి, బొట్టు పెట్టాలి. దర్శనమయ్యేదాకా ఏమీ తినకూడదనుకున్నాను. అలవాటుకొద్దీ షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసేసుకున్నాను. నేను చేసిన తప్పు అదే. ఆ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ ఊరిస్తూనే ఉంటుంది. పైగా మెట్లెక్కే కాళ్లు ఉన్న చక్కెర కాస్తా లాగేసుకుంటాయి.

గాలిగోపురం ఇంకా రాలేదు. చెమట మొదలైంది. ఎక్కుతున్నప్పుడు పట్టే చెమటేలే అనుకున్నాను గానీ ఒళ్లంతా చల్లబడింది, మెడ వెనక జిగట. గుండె దడ. బొట్టు పెట్టబోతే వేలు వణికి కుంకుమ గీతలా సాగింది.

"అమ్మా, ఓ మెట్టు వదిలేశావు" అంది అమ్మాయి.

"నాకు తెలీదా? నోర్మూయ్!" అని అరిచాను.

నేనెప్పుడూ దాన్ని అంత మాట అనను. దానికి అక్కడే అనుమానం వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టి, చెయ్యి తుడిచి, వేలు గుచ్చి చూసింది. 54. 70 కంటే తగ్గితేనే షుగర్ పడిపోయినట్టు.

సంచిలో చాక్లెట్టూ ఉంది, గ్లూకోజ్ పొడీ ఉంది. అది పొడే తీసింది. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. దాదాపు 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగించింది. నాకు స్పృహ ఉంది కాబట్టి సరిపోయింది. స్పృహ తప్పిన మనిషి నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

15 నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 83. అప్పుడు ఇడ్లీ తినమంది. ఉపవాసం పోయిందని నాకు ఏడుపొచ్చింది. "గ్లూకోజ్ కాసేపే నిలుస్తుందమ్మా, మాత్ర రోజంతా పనిచేస్తుంది" అని తుంచి నోట్లో పెట్టింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు కూడా చూసింది. అంత శ్రమపడ్డాక గంటల తర్వాత కూడా షుగర్ పడిపోవచ్చట. నడకకీ ఉపవాసానికీ ముందే మాత్రల సంగతి అడగాల్సిందని ఊరొచ్చాక డాక్టరుగారు మందలించారు.

ఆ పొద్దున ఇడ్లీ తిన్నాక ముందు నేను కిందికే దిగాను. వదిలేసిన మెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఈసారి వేలు వణకలేదు.